రవ్వల మధ్య ఖాళీ

ఆర్వల్ టీగ్‌కు దేవుడి మీద ఏనాడూ అనుమానం కలగలేదు. అతని అనుమానమంతా దేవుడు చేశాడని అందరూ చెప్పుకునే ఒకే ఒక్క పని మీద.

చాలా ఏళ్ళ కిందట, వసంతకాలపు టర్కీ కోళ్ళ వేట మొదలైన తొలి పొద్దున, తెల్ల ఓక్ చెట్టు మొదట్లో చేరగిలబడి పుంజును రప్పించడానికి పెట్ట కూతలు కూస్తున్న ఆర్వల్‌ను పక్షి అనుకుని పక్క పొలం హర్షెల్ ప్రూయిట్ కాల్చాడు. హర్షెల్ తుపాకీ తాతల నాటిది. గొట్టం కొసన బిగుతు ఎప్పుడో పోయింది. తూటాలోని సీసపు రవ్వలు చేటలోంచి చల్లిన గింజల్లా చెదిరిపోయాయి. చెట్టు బెరడంతా తూట్లు పడింది గానీ, మెడలోనూ భుజంలోనూ దిగినవి మూడో నాలుగో. రవ్వల మధ్య ఎక్కడో మనిషి తలంత ఖాళీ మిగిలింది. సరిగ్గా అక్కడే ఆర్వల్ తల ఉంది.

"ఆ ఖాళీ పెట్టింది దేవుడే" అంది అతని భార్య విల్మా. చర్చిలో అందరూ అదే మాట అన్నారు. ఆర్వల్ ఆమెన్ అన్నాడు. చర్చి పెద్దల్లో ఒకడై ఉండి అనకేం చేస్తాడు? కాని అన్నం ముందు ప్రార్థనకు తల వంచినప్పుడల్లా, డాక్టరు తీయకుండా వదిలేసిన రవ్వ ఒకటి మెడలో కదిలేది. దాంతోపాటు ప్రశ్నా కదిలేది. ఆ ఖాళీ దేవుడు పెట్టాడా, పాత తుపాకీ పెట్టిందా? తుపాకీయే పెట్టి ఉంటే, కొత్త తుపాకీల కాలంలో మనిషి గతేమిటి?

ఆనాడు రక్తం కారుతున్న ఆర్వల్‌ను వీపున మోసుకుని కొండ దించింది హర్షెలే. ఆర్వల్ క్షమించానన్నాడు, మనసారా అన్నాడు. అయినా హర్షెల్ ఆ చర్చి మానేసి నది అవతలి చర్చికి వెళ్ళసాగాడు. దారిలో ఎదురైతే టోపీ అంచు తాకి వెళ్ళిపోయేవాడు. ఆర్వల్ కూడా ఆ తర్వాత వేటకు పోలేదు.

ఇద్దరి మధ్యా ఒక చిన్న బాకీ మాత్రం ఉండిపోయింది. ఆ రోజు ఆర్వల్ ఒళ్ళో ఉన్న కూతపెట్టె హర్షెల్‌ది. మూత జరిపితే పెట్ట టర్కీలా కూసే దేవదారు పెట్టె; హర్షెల్ తండ్రి స్వయంగా చెక్కింది. "రేపు మధ్యాహ్నానికి ఇచ్చేస్తా" అని ముందు రోజు సాయంత్రం అడిగి తెచ్చుకున్నాడు. ఒక రవ్వ దాని పక్కపలక లోంచి దూసుకుపోయింది. తిరిగి ఇస్తే ఆ చిల్లు చూపించినట్టవుతుందని ఆర్వల్ ఇవ్వలేదు. హర్షెల్ అడగలేదు. పెట్టె సొరుగులో ఉండిపోయింది.

ఈ ఏడు వేట రేపనగా, ఆదివారం చర్చి నుంచి వచ్చి బట్టలు మార్చుకుంటూ ఉంటే గొడ్ల చావడి వెనక తుపాకీ మోగింది. ఆర్వల్ వెళ్ళి చూశాడు. అల్లుడు కోల్టన్ కంచెకు పెద్ద కాగితం కొట్టి దాని మీద టర్కీ పుంజు తల గీశాడు. తుపాకీ కొసన కొత్తగా ఒక ఇరుకు గొట్టం బిగించాడు.

"ఆదివారం పూట ఏమిటయ్యా ఈ మోత?"

"చివరిదే మామయ్యా. విల్మా అత్తయ్యకి చెప్పకండి, యాపిల్ పైలో ముక్క పెట్టదు." కోల్టన్ నవ్వుతూ కాగితం ఊడదీసి తెచ్చాడు. "చూడండి. అరవై గజాలు! సీసం కాదు, అంతకన్నా బరువైన లోహం. రవ్వ సన్నం కాబట్టి తూటాలో ఎక్కువ పడతాయి. కొసన ఇరుకు కాబట్టి విడిపోకుండా పోతాయి. పోయిన నెలంతా దీనికోసమే, ఒక్కో గొట్టం, ఒక్కో తూటా మార్చి మార్చి కాల్చాను."

ఆర్వల్ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. గీసిన తల కనిపించడం లేదు. ఆ చోట వెలుతురే ఉంది.

"ఇంత దట్టంగా ఎందుకయ్యా?"

"పలచగా పడితే పుంజు చావదు మామయ్యా. రెక్క విరిగి పొదల్లో దూరి రెండు రోజులు కొట్టుకుని పోతుంది. అది పాపం కాదూ? ఇలాగైతే దానికి మోత కూడా వినపడదు."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఆర్వల్‌కు ఏమీ దొరకలేదు. పక్షికి ఇది దయే. కాగితం మీద తన బొటనవేలు పట్టేంత ఖాళీ కోసం వెతికాడు. దొరకలేదు.

"రేపు నేనూ వస్తా" అన్నాడు.

కోల్టన్ నమ్మలేనట్టు చూశాడు. "మీరా? ఎన్నేళ్ళ నుంచి బతిమాలుతున్నాను! నా కూత వింటే పుంజులు జిల్లా దాటి పోతున్నాయి. మీరు కూయండి, కాల్చడం నాకొదిలేయండి."

కాల్చడం నీకు వదలడానికి కాదు వస్తున్నది, అనుకున్నాడు ఆర్వల్.

మర్నాడు చీకటితోనే విల్మా లేచి రొట్టెలు కాల్చి, ఇద్దర్నీ గుమ్మం దగ్గర నిలబెట్టి జేబులు తడిమింది. వసంతంలో ఆ కొండల్లో ఏ ఇంటి ఆడవాళ్ళైనా చేసే పనే అది. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం. ఆ మూడు రంగుల్లో ఏదీ మనిషి ఒంటి మీద అడవిలోకి పోకూడదు. ఆర్వల్ జేబులోంచి తెల్ల రుమాలు లాగేసి గోధుమరంగుది కుక్కింది.

"ముక్కు చీదాలంటే దీంతో చీదండి. వితంతువు కావడానికి నాకు తీరిక లేదు."

ఆర్వల్ సొరుగు తెరిచి పెట్టె తీసి చొక్కాలో పెట్టుకున్నాడు. ఆమె చూసింది, అతని చొక్కా గుండీ పెట్టింది.

కొండ శిఖరాన ఒక పడిపోయిన మాను వెనక కూర్చున్నారు. తెలవారుతోంది. డాగ్‌వుడ్ పూలు చీకటిలోంచి ఒక్కొక్కటే తెల్లగా తేలుతున్నాయి. లోయలో ఒక పుంజు రెండుసార్లు అరిచి, ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది. తర్వాత పిట్ట కూడా కూయలేదు. ఆ నిశ్శబ్దం ఆర్వల్‌కు తెలిసిందే. ఆ రోజూ ఇలాగే ఉంది.

మూత అంచుకు సుద్ద రాసి జరిపాడు. అన్నేళ్ళు మూలపడ్డా దాని గొంతు చెడలేదు. చిల్లు వల్ల కాబోలు, కొసన చిన్న ఈల మాత్రం చేరింది.

లోయలోంచి పెట్ట కూత ఒకటి జవాబిచ్చింది.

"పెట్ట!" గుసగుసలాడాడు కోల్టన్. "వెనకాలే పుంజు ఉంటుంది. మళ్ళీ కూయండి."

ఆర్వల్ మళ్ళీ కూశాడు. ఈసారి జవాబు దగ్గర నుంచి వచ్చింది. కూత బాగానే ఉంది. కాని చివర్లో చీలింది, దగ్గు వచ్చి ఆపుకున్నట్టు. ఆర్వల్ మూత మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"ఆపకండి, వచ్చేస్తోంది!"

పొదల్లో ఎండుటాకులు నలిగాయి. ఆగాయి. మళ్ళీ నలిగాయి. ఆకుల సందులోంచి తెల్లగా ఏదో పైకి లేచింది.

తుపాకీ గడియ చప్పుడైంది.

"పుంజే. తల కనపడుతోంది."

"ఒళ్ళంతా కనపడనీ కోల్టన్."

"అక్కర్లేదు మామయ్యా, ఈ దూరానికి తల చాలు. నిన్న కాగితం చూశారుగా."

చూశాడు. అదే ఇప్పుడూ కళ్ళముందుంది: తల గీసిన చోట తల లేని కాగితం. ఆ తెలుపు కదలకుండా అక్కడే ఉంది. పుంజు తల అంతసేపు ఒకచోట నిలవదు. కోల్టన్ చెంప తుపాకీ చెక్కకు ఆనింది.

ఆర్వల్ నిటారుగా లేచి నిలబడి, అడవి దద్దరిల్లేలా అరిచాడు.

"మనిషి! ఇక్కడ మనుషులున్నారు!"

ఎక్కడో దూరంగా నిజమైన పుంజు రెక్కలు టపటపలాడిస్తూ ఎగిరిపోయింది. కోల్టన్ తుపాకీ ఆకాశం వైపు లేచింది. పేలలేదు.

"ఏమైంది మామయ్యా మీకు! చేతిలోకొచ్చిన పుంజుని—"

పొద వెనక ఎవరో ముక్కు చీదారు.

"ఎవర్రా అది? ఆర్వల్ గొంతులా ఉందే?"

హర్షెల్ ప్రూయిట్ పొదలు తప్పించుకుంటూ బయటికి వచ్చాడు. చాలా చిక్కిపోయాడు. చేతిలో తుపాకీ లేదు, తెల్ల రుమాలు ఉంది. భార్య పోయి మూడేళ్ళయింది. అతని జేబులు తడిమే మనిషి ఇంట్లో లేదు.

కోల్టన్ ఆ రుమాలు వంక చూశాడు. మాను మీద కూలబడి తుపాకీ విప్పి తూటాలు బయటికి తీయబోయాడు. ఒకటి జారి ఆకుల్లో పడింది.

"తుపాకీ ఏదిరా నీది?" అడిగాడు ఆర్వల్.

"ఆ సాయంత్రమే నదిలో పడేశా. ఏటా మొదటి రోజు ఊరికే వచ్చి ఆ ఓక్ చెట్టు కింద కూర్చుంటా. పుంజులు అరిస్తే వింటా, వెళ్ళిపోతా."

"మరి పెట్టలా కూస్తూ పాకిరావడం దేనికి?"

"పెట్టె మోగిందిరా." హర్షెల్ కళ్ళు తుడుచుకున్నాడు, పూల పుప్పొడికో, మరి దేనికో. "మా నాన్న పెట్టె గొంతు నాకు తెలీదా? నోరు ఆగలేదు, జవాబిచ్చేశా. బాగా కూశానా?"

"గొంతులో ముల్లు గుచ్చుకున్న ముసలి పెట్టలా కూశావు."

"అయినా వీణ్ణి బుట్టలో వేశాగా!" హర్షెల్ కోల్టన్ వైపు తిరిగాడు. వేటగాడికి అలవాటైన ప్రశ్నే నోట వచ్చింది. "మంచి తుపాకీ అబ్బాయ్. ఎలా పడతాయి రవ్వలు?"

కోల్టన్ వంగి ఆకుల్లో పడ్డ తూటా కోసం వెతికాడు.

"ఖాళీ లేకుండా పడతాయి" అన్నాడు ఆర్వల్.

హర్షెల్ నవ్వు ఆగిపోయింది. తను బయటికి వచ్చిన పొద వైపు తిరిగి చూశాడు. తర్వాత రుమాలు మడిచి మడిచి పిడికిట్లో దాచేసుకున్నాడు.

ఆర్వల్‌కు తన పాత ప్రశ్న గుర్తొచ్చింది. ఈ పూట ఖాళీ పెట్టింది ఎవరు? అరిచింది తన నోరే. అరవమని లోపల ఎవరన్నా చెప్పారో లేదో ఇప్పుడూ తెలియలేదు. ఈ పెట్టె ఎప్పుడో ఇచ్చేసి ఉంటే హర్షెల్ ఈ గొట్టం ముందుకు వచ్చేవాడే కాదు. అది మాత్రం తెలిసింది.

పెట్టె రెండు చేతులా పట్టుకుని, చిల్లు కనిపించేలా అటే తిప్పి, చాచాడు.

"మధ్యాహ్నానికి ఇస్తానన్నాను."

హర్షెల్ బొటనవేలితో చిల్లు తడిమాడు. తడిమి, పెట్టెను గుండెకు ఆనించుకుని, చెట్ల మీదికి అప్పుడే ఎక్కుతున్న ఎండ వంక చూశాడు.

"ఇంకా మధ్యాహ్నం కాలేదులేరా" అన్నాడు.