నలభై ఒకటో గేటు దగ్గర ఒక్క నిమిషం

గార్డుగారు రోజుకి ఒక్క అబద్ధం ఆడేవారు. అదీ నోటితో కాదు, కాగితం మీద. మిగతా విషయాల్లో ఆయనంత ముక్కుసూటి మనిషి ఇంకొకరు లేరని ఆ లైను మీద పనిచేసే వాళ్లందరూ ఒప్పుకుంటారు. సొంత తమ్ముడు టికెట్టు లేకుండా ఎక్కితే తర్వాతి స్టేషన్లో దింపేశారు. తమ్ముడు రెండేళ్లు మాట మానేశాడు, అయినా ఈయన చలించలేదు. అలాంటి మనిషి పొద్దున బండి దిగి, కంపెనీ ఆఫీసులో కుర్చీ లాక్కుని, రిపోర్టు పుస్తకంలో ‘నలభై ఒకటో గేటు దగ్గర రెండు నిమిషాలు ఆలస్యం. కారణం: పట్టాల మీద పశువులు’ అని గుండ్రటి అక్షరాలతో రాసేవారు. మర్నాడు ‘సిగ్నలు పడలేదు’. ఆ మర్నాడు ‘పొగమంచు’. ఒకసారి మండువేసవిలో పొరపాటున పొగమంచు రాసేసి రెండు రోజులు గుండెలు చిక్కబట్టుకుని తిరిగారు. ఎవరూ అడగలేదు.

ఒకే ఒక్కసారి పై ఆఫీసు నుంచి ఒకాయన ఆ పశువుల సంగతేమిటో తేల్చేద్దామని వచ్చాడు. గేటు పక్కన గొడుగు వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఒక్క దూడ కూడా కనపడలేదు. వడదెబ్బ మాత్రం తగిలింది. బండి ఆ గేటు దాటేది పొద్దున ఆరున్నరకి, ఆ మహానుభావుడు వచ్చింది పది గంటలకి.

అసలు సంగతి ఏమిటంటే, బండి అక్కడ ఆగేది. అక్కడ స్టేషను లేదు. రోడ్డుకి అడ్డంగా ఒక గేటు, పక్కన గేటు కాపలా ఆవిడ ఉండే ఒంటిగది, ఒక కుళాయి, అంతే. ఇరవై రెండేళ్ల కిందట ఒక వానపొద్దున, వాగు మీది వంతెన కూలి బస్సు ఆగిపోయిన మర్నాడు, ఒక అమ్మాయి ఆ గేటు దగ్గర తడిసి ముద్దయి చెయ్యెత్తి నిలబడింది. పట్నంలో ఆసుపత్రి ఆయాగా చేరి అప్పటికి వారమే. ఇంకొక్కసారి ఆలస్యమైతే రావక్కర్లేదని వార్డులో చెప్పేశారట. గార్డుగారు బండి చివరనున్న తన పెట్టెలోంచి ఎర్రజెండా బయటికి పెట్టారు. మలుపు దగ్గర వెనక్కి చూసిన డ్రైవరు బండి ఆపాడు. మర్నాడు ముగ్గురు నిలబడ్డారు. ఎవరూ వంతెన కట్టలేదు. ఎవరూ బస్సు వెయ్యలేదు. గేటు కాపలా ఆవిడ పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కలు రెండు తెచ్చి మెట్లలా పేర్చింది. ఆవిణ్ణి అందరూ గేటు వదిన అంటారు. చెయ్యెత్తిన అమ్మాయి కాలక్రమాన ఆయమ్మ అయింది. ఎక్కేవాళ్లు పదకొండు మంది అయ్యారు. అందరి దగ్గరా వెనకటి స్టేషను నుంచి తీసుకున్న పాసులున్నాయి కాబట్టి కంపెనీ సొమ్ము ఎవరూ తినలేదు.

ఎక్కేటప్పుడు ఒక్కొక్కరూ “చల్లగా ఉండాలి గార్డుగారూ” అనేవారు. “చాల్లే ఎక్కండి, ఎక్కండి, అవతల టైమైపోతోంది” అని ఆయన విసుక్కునేవారు. కానీ ఎవరైనా ఆ మాట అనకుండా ఎక్కితే మధ్యాహ్నం దాకా ఆయనకి ఏదో వెలితిగా ఉండేది. ఈ సంగతి తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

ఇలా సాగిపోతుండగా కంపెనీ చేతులెత్తేసింది. దానికి ప్రయాణికులంటే మొదటినుంచీ గిట్టదు. సిమెంటు బస్తా కిటికీ పడలేదని గొడవ చెయ్యదు. సున్నపురాయికి మరుగుదొడ్డి అక్కర్లేదు. సరుకు బండ్లు మేం ఉంచుకుంటాం, మనుషుల బండ్లు మాకొద్దు మహాప్రభో అని ఒక్క మా కంపెనీయే కాదు, దేశంలోని కంపెనీలన్నీ మొత్తుకున్నాయి. చివరికి ప్రభుత్వం మనుషుల బండ్లన్నిటినీ తీసుకుని, ఒకే జాతీయ సంస్థ కింద ఒకటో తారీఖు నుంచి నడుపుతానంది. సగం బండ్లు రద్దయ్యాయి. మన పొద్దుటి బండి బతికిపోయింది.

పది రోజుల ముందు ఒక ఆఫీసరమ్మ వచ్చి స్టేషన్లో వెయిటింగు గదిలో బల్ల వేసుకుని కూర్చుంది. ముప్పై దాటి ఉండవు. గార్డులందరికీ తలా ఒక ఫారం ఇచ్చి, అందులో ఏడో గడి మీద వేలు పెట్టి చూపించింది.

“పట్టికలో లేకుండా బండి ఆగే చోట్లు ఏమైనా ఉంటే ఇక్కడ రాయండి. మూడేళ్ల పైబడి జనం వాడుతున్న చోటైతే కొత్త పట్టికలో పెడతాం. రాయనిది ఒకటో తారీఖు నుంచి ఉండదు. ఇంజన్లలో ప్రతి బ్రేకూ నమోదయ్యే యంత్రాలు పెడుతున్నాం, ఇష్టమొచ్చిన చోట ఆపడం కుదరదు.”

ఒక ముసలి గార్డు గొంతు సవరించుకున్నాడు. “రాస్తే మమ్మల్ని ఏమీ అనరా అమ్మా?”

“ఆపినందుకు అనం. కానీ ఆపి, రిపోర్టులో వేరే కారణం రాసి ఉంటే అది తప్పుడు రిపోర్టు. తప్పుడు రిపోర్టు రాసినవాళ్లని బండి ఎక్కే ఉద్యోగంలోకి తీసుకోం.”

మన గార్డుగారు ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నారు. ఇరవై రెండేళ్ల పశువులూ పొగమంచులూ ఒక్కసారిగా ఆయన మీదికి వచ్చిపడ్డాయి.

గేటు దగ్గర బండి ఆపమని గేటు వదిన అప్పటికే కంపెనీకి అర్జీ పెట్టి చూసింది. ‘ఆ గేటు దగ్గర బండి ఆగదు కనుక ఎక్కేవారు ఉండే అవకాశం లేదు’ అని కంపెనీ జవాబిచ్చింది. సాక్ష్యం చెప్పగలిగింది గార్డు రిపోర్టులే. ఆ రిపోర్టుల నిండా పశువులే.

ఆ సాయంత్రం డ్రైవరు గార్డుగారింటికి వచ్చాడు. వచ్చీ రాకుండానే ఒంటికాలి మీద లేచాడు. ఆయన ఎవరో కాదు, గార్డుగారి భార్యకి సొంత అన్న.

“రాయకు బావా. నీకు దణ్ణం పెడతాను, రాయకు.”

“రాయకపోతే ఆ పదకొండు మందీ ఏమైపోతారు?”

“ఏమైపోతారు? బస్సు కావాలని అడుగుతారు. వంతెన కట్టమని పట్టుబడతారు. ఇన్నేళ్లూ మనం గుట్టుగా ఆపుతూ వచ్చాం కాబట్టే ఎవడూ ఆ వంతెన ఊసెత్తలేదు. అది ఆలోచించావా?”

గార్డుగారు ఆలోచించలేదు. ఆ మాట ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది.

“నీ మంచితనం నీ దగ్గర పెట్టుకో. నా మెడకి చుట్టకు. నాకింకా ఆరేళ్ల సర్వీసుంది. ఇంజను తప్ప నాకింకో పని చేతకాదు. నువ్వు జెండా చూపిస్తేనే నేను ఆపాను, నువ్వు చూపించని రోజు నేనెప్పుడూ ఆపలేదు. నాకెందుకు ఈ పీకులాట?”

“నిన్నెందుకు లాగుతాను బావా?”

“రాశావంటే లాగినట్టే. ఆపింది ఎవరంటే ఏం చెబుతావు?”

అంతవరకూ బట్టలు మడత పెడుతూ వింటున్న భార్య తలెత్తకుండానే అంది. “అన్నయ్యా, నువ్వు కాస్త కూర్చో. ఏమండీ, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీ బెంగ ఆ ఆయమ్మ కోసమా, రేపట్నుంచి చల్లగా ఉండమని ఎవరూ అనరనా?”

గార్డుగారికి చర్రున కోపం వచ్చింది. ఇరవై రెండేళ్లు ఉద్యోగాన్ని పణంగా పెట్టి ఆపితే కట్టుకున్నదే ఇంత మాట అంటుందా అని చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయారు. వీధి చివరిదాకా వెళ్లేసరికి కోపం చల్లారింది. ఆవిడ అడిగింది మాత్రం చల్లారలేదు. రెండూ ఉన్నాయి మరి. ఏది ఎంతో ఆయనకే తెలియలేదు.

మూడు రోజులు ఆ ఫారం జేబులోనే నలిగింది. నాలుగో రోజు పొద్దున గేటు దగ్గర పదకొండు మందీ ఎక్కారు. అందరూ ఎప్పటిలాగే చల్లగా ఉండమన్నారు. కానీ ఆయన మొహంలోకి ఎవరూ చూడలేదు. ఫారం విషయం గేటు వదిన అందరికీ చెప్పేసినట్టుంది. ఉద్యోగం పోయే పని చెయ్యమని అడగడానికి వాళ్లకి నోరు రావడం లేదు. అడిగినా బాగుండేదనిపించింది ఆయనకి. అడిగితే కసురుకోవచ్చు.

బండి దిగగానే కూర్చుని ఏడో గడి నింపారు. ‘నలభై ఒకటో గేటు. ఇరవై రెండు సంవత్సరాలుగా, ప్రతి పనిదినం. ఎక్కేవారు పదకొండుగురు. అనుమతి ఎవరిదీ లేదు. నా పెట్టెలోని బ్రేకు నేనే వేసి ఆపాను. డ్రైవరుకి సంబంధం లేదు. రిపోర్టుల్లో నేను రాసిన కారణాలు నిజం కావు.’ ఇన్నేళ్ల అబద్ధాన్ని ఒప్పుకుంటూ అదే కాగితంలో ఇంకో కొత్త అబద్ధం పెట్టానని సంతకం చేస్తున్నప్పుడు ఆయనకి నవ్వొచ్చింది.

ఆఫీసరమ్మ రెండుసార్లు చదివింది.

“గార్డు పెట్టెలో బ్రేకు వేస్తే బండి బాగా కుదుపుతుంది కదండీ?”

“కుదుపుతుందమ్మా.”

“పోయిన మంగళవారం నేను మీ బండిలోనే వచ్చాను. గేటు దగ్గర ఆగినప్పుడు నా చేతిలో నిండుగా కాఫీ కప్పు ఉంది. ఒక్క చుక్క ఒలకలేదు.”

గార్డుగారు టోపీ సర్దుకున్నారు.

“డ్రైవరు మీకేమవుతారు?”

“మా ఆవిడ అన్నగారు.”

ఆవిడ కలం మూత పెట్టింది. “మీరు రాసింది రాసినట్టే పంపుతాను. అందులో ఒక వాక్యం గురించి నేనేమీ అడగను. మిగతా దానికి మాత్రం నేను చెయ్యగలిగింది లేదు.”

“మీరు కళ్లారా చూశారు కదమ్మా. ఆ గేటు సంగతి మీరే రాయొచ్చు కదా?”

“నేను చూసింది ఒక్క రోజు. మూడేళ్లు చూసినవాళ్లు రాయాలి.”

అలా గేటు పట్టికలోకి ఎక్కింది, గార్డుగారు బండి దిగారు. విజిలూ జెండాలూ అప్పగించి, పట్నం స్టేషన్లో పార్సిలు ఆఫీసులో చేరమన్నారు. బావ ఇంజను మీదే ఉన్నాడు. ఆ రాత్రి చెల్లెలింటికొచ్చి, ఏమీ మాట్లాడకుండా అన్నం తిని వెళ్లాడు. అతని భాషలో అదే కృతజ్ఞత.

ఒకటో తారీఖు పొద్దున గార్డుగారు తన బండి తానే టికెట్టు కొనుక్కుని ఎక్కారు. దొరికిన పెట్టెలన్నీ తగిలించినట్టున్నారు. మూడు పచ్చవి, రెండు ఎర్రవి, ఒకదాని మీద వేరే కంపెనీ పేరుకి సున్నం కొట్టినా అక్షరాలు లోపలి నుంచి కనిపిస్తున్నాయి. గార్డు కొత్తవాడు, ఏ కంపెనీ నుంచో వచ్చినవాడు. నలభై ఒకటో గేటు దగ్గర తెల్లబోర్డు పాతారు. బండి ఆగింది. కొత్త గార్డు దిగి చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

పదిమంది ఎక్కారు. ఒకతను “ఒక్క నిమిషమేనా? రెండు నిమిషాలు ఆపితే వీళ్ల సొమ్మేం పోయింది, ఫిర్యాదు రాసి పడేస్తాను” అని గొణుక్కుంటూ వచ్చి సీటు కోసం పక్కవాడితో తగువు పెట్టుకున్నాడు. కిటికీ దగ్గరున్న గార్డుగారిని అందరూ తల ఊపి పలకరించారు. చల్లగా ఉండమని మాత్రం ఎవరూ అనలేదు, కొత్త గార్డుతోనూ అనలేదు. ఎందుకంటారు? టికెట్టు కొన్నారు, బండి ఆగింది. అంతా సబబుగానే ఉంది. అయినా ఆయన మనసు చిన్నబుచ్చుకుంది.

అప్పుడే చేలగట్టు మీద ఆయమ్మ పరిగెత్తుకొస్తూ కనిపించింది. చెయ్యెత్తింది. గార్డుగారి చెయ్యి దానంతటదే విజిలు కోసం గుండెల దగ్గరికి వెళ్లింది. అక్కడ బొత్తాం తప్ప ఏమీ లేదు. నిమిషం అయింది. బండి కదిలింది.

ఆ రోజంతా పార్సిళ్ల మీద చీటీలు తలకిందులుగా అంటించారు. నేనుంటే ఇలా జరిగేదా అని పదే పదే తలుచుకున్నారు.

మర్నాడు ఆయమ్మ అందరికంటే ముందే నిలబడి ఉంది. ఎక్కి వచ్చి ఎదురు సీట్లో కూర్చుంది.

“నిన్న చూశానమ్మా. నేనుంటే ఆపేవాణ్ణి.”

“తెలుసు గార్డుగారూ. మనవడికి ఒళ్లు కాలిపోతుంటే వాడి దగ్గర కాస్త ఆలస్యమైంది. బండిదేం తప్పు?”

“వార్డులో ఏమన్నారు?”

“బండి తప్పిందన్నాను. ఏ బండి అన్నారు. పట్టిక తీసి చూపించాను. సరే, సాయంత్రం ఒక గంట ఎక్కువుండు అన్నారు, అంతే.” ఆవిడ మొహంలో కాస్త గర్వం కూడా కనిపించింది. “ఇదివరకు తప్పినప్పుడు ఏం చెప్పాలో తెలిసేది కాదు. అక్కడ అసలు బండే ఆగదు కదా, తప్పడమేమిటి అనేవారు.”

“ఇదివరకా?” గార్డుగారికి పౌరుషం వచ్చింది. “ఇరవై రెండేళ్లలో ఒక్కనాడైనా నిన్ను వదిలేసి వెళ్లానా?”

“అయ్యో, మీరెందుకు వదులుతారు? మీరు సెలవు పెట్టిన రోజుల్లో.”

సెలవు రోజుల్లో వేరే గార్డు వచ్చేవాడు. అతనికి ఈ గేటుతో పనిలేదు. జెండా లేనిదే బావ ఆపడు. అన్నీ ఆయనకి తెలిసినవే. అన్నీ కలిపి ఎప్పుడూ చూడలేదు.

“మరి ఆ రోజుల్లో ఎలా వచ్చేవారు?”

“వెనకటి స్టేషన్ దాకా నడిచేవాళ్లం. తొమ్మిది కిలోమీటర్లు. మీరు రారని వదినకి ముందే తెలిస్తే మూడున్నరకే లేచి బయల్దేరేవాళ్లం. తెలియకపోతే ఇక్కడే నిలబడి, బండి వెళ్లిపోతుంటే చూసి ఇంటికి పోయేవాళ్లం.”

“నాకొక్క మాట చెప్పలేదేమమ్మా?”

“చెబితే మీరు సెలవు పెట్టుకోవడం మానేస్తారని అందరం అనుకున్నాం. అమ్మాయి పెళ్లికి పన్నెండు రోజులు పెట్టారు కదా. అప్పుడెలా చెబుతాం?”

పట్నం వచ్చింది. ఆయమ్మ సంచీ భుజాన వేసుకుని, “వస్తానండీ” అని జనంలో కలిసిపోయింది. గార్డుగారు పెట్టె ఖాళీ అయ్యేదాకా కూర్చుండిపోయారు. పెళ్లింట్లో ఆ పన్నెండు రోజులూ పొద్దున్నే ఆరున్నరకి తను ఏం చేస్తున్నారో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించారు. పందిరి వాళ్లు, చుట్టాలు, నవ్వులు, ఎవరో కాఫీ అందించడం, అన్నీ గుర్తొచ్చాయి. వాటి మధ్య ఒక్క పొద్దునైనా ఆ గేటు తనకి గుర్తొచ్చిందా అని వెతికారు. రాలేదు.