వేడి నీళ్ల మూల

ఫిబ్రవరి చలిలో, పొద్దున ఆరింటికి పిల్లలకు ఈత నేర్పాలన్న బుద్ధి తాను నీళ్లలో దిగనివాడికే పుడుతుంది. ముఖేష్ సార్ ఏ రోజూ దిగలేదు. మెడలో విజిల్, ఒంటి మీద మందపాటి జాకెట్, చేతిలో చాయ్ గ్లాసు. గట్టు మీద నిలబడి "ఊ, దూకుండ్రి" అనడమే ఆయన పని. ఆర్మూర్ దాటాక నందిపేట్ రోడ్డులో, పసుపు చేల నడుమ కట్టిన ఈత కొలను అది. ఆ వేళకు నీళ్ల మీద మంచు పాకుతూ ఉండేది. పక్క చేలో పసుపు ఉడకబెట్టే కూలీలు పొయ్యి కాడ చేతులు కాచుకుంటుంటే, ఇక్కడ ఆరుగురు పిల్లలు తడి బట్టల్లో పళ్లు టకటకలాడిస్తూ నిలబడేవాళ్లు. తొమ్మిదేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లే అందరూ.

నెలాఖరున జిల్లా సెలక్షన్. అందులో నెగ్గితే స్పోర్ట్స్ స్కూల్లో సీటు. చదువూ, తిండీ, బట్టా అన్నీ సర్కారువే. ఆ ఆరుగురిలో అక్షిత కొలను కాపలాదారు గంగాకిషన్ మనవరాలు. తండ్రి దుబాయిలో ఉంటాడు, తల్లి విమల మోర్తాడ్‌లో బీడీలు చుడుతుంది. ఈత కోసమే పిల్ల తాత దగ్గర ఉంటోంది. ఈ సీటొక్కటి వస్తే బిడ్డ బతుకు ఒడ్డున పడుతుందని గంగాకిషన్ ఆశ. కాపలా కాసేది, మోటారు వేసేది, పొద్దున్నే నీళ్ల మీది ఆకులు తీసేది అన్నీ ఆయనే.

కొలనులో ఒక మూల మాత్రం చలి ఉండేది కాదు. బోరు పైపు నీళ్లు పడే మూల. భూమి లోపలి నీళ్లకు చలికాలంతో పనిలేదు కదా, మోటారు వేస్తే గోరువెచ్చగా ఆవిరి కక్కుతూ పడేవి. ఒక్కో రౌండు కాగానే పిల్లలు ఆ మూలకు ఈదుకుంటూ వచ్చి, తల్లికోడి రెక్క కింద దూరినట్టు ఆ ధార కింద దూరేవాళ్లు. ఆ పక్కనే గట్టు ఎక్కడానికి ఇనుప నిచ్చెన.

ఫిబ్రవరి మొదటి వారంలోనే మోటారు మొరాయించింది. కొలను కట్టినప్పుడు ఎవరో బుద్ధిమంతుడు గట్టు మీది గదిలో స్టార్టర్ డబ్బా పక్కన ఒక ట్రిప్పు స్విచ్చు పెట్టాడు. కరెంటు ఎక్కడన్నా నీళ్లలోకి కారితే అది తనంతట తానే పడిపోయి మోటారును ఆపుతుంది. నీళ్లలో ఉండేది పిల్లలు కదా అని పెట్టాడు. అది గంటలో మూడుసార్లు పడింది. ధార ఆగింది. తొమ్మిదేళ్ల బబ్లు పెదాలు నేరేడు పండులా నల్లబడి, నీళ్లలోనే నిలబడి ఏడ్చాడు.

గంగాకిషన్ నలభై ఏళ్లు మోటార్ల పక్కన బతికినవాడు. చేలో నీళ్లు పారుతుండగా ట్రిప్పు పడితే ఏ రైతు దాన్ని బతకనిచ్చాడు? కళ్ల ముందు మడి ఎండుతుంటే స్విచ్చు చెప్పే నీతులు ఎవడు వింటాడు? దాన్ని పక్కకు తప్పించి వైరు డైరెక్టుగా కలుపుతారు. ఊరూరా అదే. గంగాకిషనూ అదే చేశాడు. మంచు తేమకు పడుతుందిలే అనుకున్నాడు. రెండు నిమిషాల పని. ధార మళ్లీ పడగానే పిల్లలు కేరింతలు కొట్టారు.

"తాత మస్తు మంచోడు" అన్నాడు బబ్లు.

ఆ మాటకు ముసలాయన ఆ పొద్దంతా పొంగిపోయాడు.

మూడో రోజు పొద్దున రెండు కప్పలు వెల్లకిలా తేలాయి. ఐదో రోజు ఐదు. అన్నీ పైపు చుట్టే. "చలికి సచ్చినయ్ కాకా, తీసి పారెయ్" అన్నాడు ముఖేష్ సార్, ఫోన్ లోంచి తల ఎత్తకుండా. కప్ప చలికి చావదు, బురదలో దూరి పడుకుంటుంది. ఆ సంగతి గంగాకిషన్‌కు తెలుసు. తెలిసీ ఆకులు తీసే జాలీతో తీసి చేలోకి విసిరాడు. నమ్మితే పని తగ్గేచోట మనిషి ఏ అబద్ధమైనా నమ్ముతాడు.

తర్వాత ఇంకోటి గమనించాడు. పిల్లలు నిచ్చెన ఎక్కడం మానేశారు. మోకాళ్లు గీరుకుపోయినా సరే, గట్టు మీద చేతులు ఆనించి ఎగబాకి బయటికి వస్తున్నారు. "గట్లనే ఎక్కాలె, భుజాలకు బలమొస్తది" అని సార్ మెచ్చుకున్నాడు. కాని విశ్రాంతికి ఆపినప్పుడు అదే నిచ్చెన దగ్గర గుమిగూడేవాళ్లు. ఒకరు పట్టుకుంటే మిగతావాళ్లు అంకెలు లెక్కపెట్టేవాళ్లు. పట్టుకున్నవాళ్ల ముఖం వంకరపోయేది. ఆట కాబోలు అనుకున్నాడు గంగాకిషన్.

ఆ రోజు అక్షితను బండి మీద ఎక్కించుకుని ఇంటికి పోతున్నాడు. వెనక నుంచి పిల్ల గొంతు గర్వంగా వినబడింది.

"ఇయ్యాల నేను ఇర్వై దాక పట్టుకున్న తాతా."

"ఏం పట్టుకున్నవ్?"

"నిచ్చెన. బబ్లుగాడు పదికే ఇడిచిపెట్టిండు. ఏడ్సిండు గూడ."

"నిచ్చెన పట్టుకుంటే ఏడ్సుడేంది బిడ్డా?"

"నీళ్లల్ల ఉండి పట్టుకుంటే చెయ్యి జుమ్ముమంటది. భుజం దాక గుంజుతది. జర సేపైనంక ఇగ చలే తెల్వది. అందుకే పట్టుకుంటం."

గంగాకిషన్ బండి పక్కకు తీసి ఆపాడు. 

"ఎప్పటి సంది?"

"నువ్వు మోటరు బాగు చేసినంకనే. అప్పుడు సన్నగ ఉండె. ఇప్పుడు గట్టిగైంది. ఇయ్యాల నా చెయ్యి ఊడి రాలే తాతా. పక్కకున్న మహేశ్ నా జుట్టు వట్టి ఎన్కకు గుంజిండు."

"సార్‌కు చెప్పలేదా?"

"మొదటి దినమే చెప్పినం. చలికి సాకులు చెప్తున్నరన్నడు. మళ్ల చెప్తే, ఇంట్ల అంటే కొలను బందైతది, సెలక్షన్ పోతది, నోరు మూసుకోండ్రి అన్నడు." ఆ పిల్ల తాత చొక్కా పట్టుకుంది. "నువ్వు గూడ చెప్పకు. ఇంక పన్నెండు దినాలే గద."

పిల్లను ఇంటి దగ్గర దింపి, అన్నం ముట్టకుండా వెనక్కి వచ్చాడు. కొలను దగ్గర ఎవరూ లేరు. ఎండిన చెక్క మీద రబ్బరు చెప్పులతో నిలబడి, మోటారు వేసి, పైపుకు టెస్టర్ ఆనించాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ దాని లోపలి దీపం ఎర్రగా కనబడింది. పైనున్న కేబులంతా చేత్తో తడిమి చూశాడు. ఎక్కడా చీలిక లేదు. అంటే చీలింది లోపల, రెండు వందల అడుగుల కింద ఎక్కడో. మోటారును పైకి లాగితే తప్ప దొరకదు. లాగే ముఠాలకు ఇది ఊపిరాడని సీజన్, వారం దాకా రారు. ఆ వారంలో వైరు తొక్క ఇంకెంత ఊడుతుందో చెప్పేవాడు లేడు.

తీసేసిన ట్రిప్పును తన చేత్తోనే మళ్లీ కలిపి, మోటారు వేశాడు. టక్ మని పడింది. మళ్లీ వేశాడు. మళ్లీ పడింది. ఆ స్విచ్చు మొదటి రోజు నుంచీ అదే చెబుతోంది. దాని నోరు నొక్కింది తాను.

మర్నాడు పొద్దున పిల్లలు దూకి రెండు రౌండ్లు కొట్టి, అలవాటుగా మూలకు చేరారు. ధార లేదు.

"మోటరెయ్యి కాకా" అన్నాడు ముఖేష్ సార్.

"ఎయ్య సార్. నీళ్లల్లకు కరెంటొస్తున్నది. పిల్లలను బయటికి పిలువుండ్రి. మోటరు గుంజి బాగు చేసేదాక ఈ నీళ్లల్ల ఎవ్వరు దిగద్దు."

"సెలక్షన్ ముంగటనా? నీకేమన్న దిమాక్ ఉన్నదా?"

"తప్పు నాదే. ట్రిప్పు తీసింది నేనే."

"తీసినవ్, ఏమన్నైందా? పది దినాల సంది పిల్లలు గా నీళ్లల్లనే ఉన్నరు. ఒక్కనికి తలకాయన్న నొచ్చిందా?" సార్ చాయ్ గ్లాసు గట్టు మీద పెట్టాడు. "నువ్వు ఎట్ల కలిపినవో నేను చూసిన. నీతోని కాకపోతే నేనే కలుపుత."

డబ్బా వైపు నడిచాడు. గంగాకిషన్ కొలను వైపు తిరిగి "బయటికి రాండ్రి బిడ్డా, అందరు రాండ్రి" అని అరిచాడు. ఆరు తలలు ఆయన వైపు తిరిగాయి. తర్వాత సార్ వైపు తిరిగాయి. ఒక్కరూ కదల్లేదు. కాపలావాడి మాటకు నీళ్లలోంచి లేచే అలవాటు వాళ్లకు ఎవరూ చెయ్యలేదు. అక్షిత అయితే తాత కళ్లలోకి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. బబ్లు చెయ్యి అప్పటికే నిచ్చెన మీద ఉంది. ధార కోసం పైపు వైపు చూస్తున్నాడు.

గంగాకిషన్ ధోతీ చొక్కాతోనే దూకేశాడు.

చలి అంటే ఏమిటో ఆయనకు అప్పుడు తెలిసింది. ఊపిరి లోపలికి పోయి మళ్లీ రాలేదు. గుండెను ఎవరో పిడికిట్లో పట్టినట్టయింది. ఈ నీళ్లలోకి పిల్లలను రోజూ దూకమంటున్నారు, తాను చూస్తూ నిలబడ్డాడు. బబ్లును రెండు చంకల కింద పట్టి గట్టు మీదికి ఎత్తి పడేశాడు. కళ్లు ఎర్రజేసుకుని తమ మీదికి వస్తున్న ముసలాయనను చూసి మిగతావాళ్లు బెదిరి ఎగబాకారు. చివరికి అక్షిత మిగిలింది. "ఎక్కు" అన్నాడు. ఆ గొంతు పిల్ల ఎప్పుడూ వినలేదు. ఎక్కింది.

కొలనులో ఒక్కడే మిగిలాడు. నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని డబ్బా వైపు చూశాడు. సార్ వైర్లు కలపడం అయిపోయింది. వేలు పచ్చ బటన్ మీద ఉంది.

"ఇగ ఎయ్యి సార్."

"డ్రామాలు చెయ్యకు. బయటికి రా ముందుగల్ల."

"ఏం కాదంటివి గద. పది దినాలు పసిపిల్లలకు కానిది నాకేమైతది? ఎయ్యి."

పక్క చేలో కూలీలు పని ఆపి చూస్తున్నారు. గట్టు మీద పిల్లలు వణకడం కూడా మరిచిపోయి నిలబడ్డారు. సార్ వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. నొక్కకుండా ఆ వేలు అక్కడ ఎంతసేపు ఉందో అంతసేపూ గేటు దగ్గరి కారులోంచి బబ్లు తల్లి పూర్ణిమ చూసింది. పసుపు కమీషన్ వ్యాపారి భార్య. రోజూ ఫ్లాస్కు పెట్టుకుని అద్దాలు ఎత్తుకుని కూర్చునే మనిషి, ఈ రోజు తలుపు తీసుకుని వచ్చింది.

"ఎందుకు ఆగిండ్రు సార్?"

"ముసలాయనకు ఏమన్నైతే నా మీదికొస్తది మేడమ్."

"మా వోడు పొద్దుగాల పొద్దుగాల గదే నిచ్చెన పట్టుకున్నడు."

 ఆమె కొడుకును తువాలులో చుట్టి ఎత్తుకుపోయింది. కారు వెళ్లిపోయింది. గంగాకిషన్ గట్టెక్కి, సార్ కలిపిన వైర్లు పీకేసి, డబ్బా గదికి తాళం వేశాడు.

న్యాయంగా అయితే కథ ఇక్కడ అయిపోవాలి. లోకం అలా లేదు. అరగంటకు మహేశ్ తండ్రి భూమేశ్వర్ కొడుకును తీసుకుపోవడానికి వచ్చాడు. మక్క చేను వదిలి వచ్చిన రైతు. సంగతంతా విని, కొలనును చూసి, తడి బట్టల్లో నిలబడ్డ గంగాకిషన్‌ను చూసి నవ్వాడు.

"గంత భయమైతే ఎట్ల గంగాకిషన్? మా బాయి కాడ మోటరు పైపు ముట్టుకుంటే రోజు గుంజుతది. మేం సచ్చినమా?" తర్వాత సార్ వైపు తిరిగాడు. "మరి రేపు ఎన్ని గంటలకు సార్?"

"మామూలే. జక్రాన్‌పల్లి నుంచి కరెంటాయన వస్తున్నడు. అరగంటల ఈడ ఉంటడు. డైరెక్టు చేసి పోతడు." సార్ చెయ్యి చాచాడు. "కాకా, తాళాలియ్యి."

గంగాకిషన్ ఇవ్వలేదు. నీళ్లోడుతూ డబ్బా గది ముందుకు పోయి, గడప మీద కూర్చుని తలుపుకు వీపు ఆనించాడు. పళ్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. అక్షిత తువాలు తెచ్చి ఆయన ఒళ్లో పడేసి, దూరంగా నిలబడింది.

"ఇగ నా సెలక్షన్ పోయినట్టే గద" అంది.

"పోయినట్టే బిడ్డా."

పిల్ల ఏడవలేదు. గోళ్లతో అరచేయి గీరుకుంది.

"గా కరెంటాయన వస్తే ఏమంటవ్?"

"నీకు పిల్లలున్నరా అని అడుగుత. ఉంటే, కలపడు."

అన్నాడు గాని, ఆ మాట నోట్లోంచి బయటపడగానే ఆయనకే అబద్ధంలా వినిపించింది. తానూ చేతిలో వైరు పట్టుకున్న ఆ పొద్దున, మనవరాలు పదడుగుల దూరంలో నీళ్లలోనే ఉంది.

రోడ్డు మీద ఒక బండి వేగం తగ్గించి, కొలను దారిలోకి మలుపు తిరిగింది.