మూఢంలో ఆగిన పెళ్లి

మా నాన్న కూర్మయ్యకి మొండితనం ఎక్కువ. అదంతా నా మీద పేమేనని నాకు తెలుసు. తెలిసి ఏటి సేసుకోను?

2012లో, ఎండాకాలం మొదట్లో, విశాఖపట్నం కళ్ల డాక్టరు సెప్పేసినాడు. నాన్న కంటి నరాలు ఎండిపోతన్నాయంట, ఉన్న సూపు ఎన్నాళ్లుంటాదో సెప్పలేరంట. తిరిగొచ్చేటప్పుడు అరసవల్లి దగ్గర బస్సు దిగినాక నాన్న నా సెయ్యి పట్టుకుని, "యమునా, నిన్ను పెళ్లికూతురుగా సూసేస్తే సాలమ్మా. తరవాత సీకటైపోయినా పరవాలేదు" అన్నాడు. రోడ్డు మీదే ఏడ్సేసినాను.

సంబంధం అప్పటికే కుదిరిపోయినాది. పెళ్లికొడుకు గంగరాజు వోళ్లు "రేపు సేసెయ్యమన్నా మాకు సమ్మతమే" అన్నారు. అడ్డమల్లా మూఢమే. మే నెలంతా గురు మూఢం, అదవ్వగానే శుక్ర మూఢం, దాని వెనకాలే ఆషాఢం. ఈ రోజుల్లో మావోళ్లు పెళ్లి సెయ్యరు. శ్రావణం దాకా ఆగుదామన్నాడు నాన్న.

"నీ కళ్లు ఆగుతాయేటి శ్రావణం దాకా?" అని అరిసేసినాను.

"ఆగుతాయిలేవే" అన్నాడు.

పక్కింటి జీవరత్నం మేష్టారు బడిలో సైన్సు సెప్తారు. నాన్నకి సిన్నప్పటి నేస్తం, ఒరే అంటే ఒరే. ఆయన నాన్నని మా కళ్లంలోకి లాక్కెళ్లి నడుమ, నూర్పులప్పుడు ఎద్దులు సుట్టూ తిరిగే గుంజ సూపించినారు.

"ఒరే కూర్మయ్యా, ఇది సూరీడనుకో. దీని సుట్టూ ముందు బుధుడు, తరవాత శుక్రుడు, ఆ తరవాత మన భూమి, మనకి ఎనకాల కుజుడు, గురుడు, శని తిరుగుతన్నారు. ఇంకా దూరంలో కంటికి ఆనని ఇద్దరున్నారు. గురుడు గుంజకి అవతల పక్కకెళ్లినాడు. శుక్రుడు మనకీ గుంజకీ మధ్యకొస్తన్నాడు. ఆ వెలుగులో అగుపించరు, అంతే. ఎవుడికీ బలం తగ్గలేదురా!"

"నీకేట్రా, సర్చిలో పాస్టరుంటే సాలు, పెళ్లయిపోద్ది" అని నవ్వేసినాడు నాన్న.

జూన్ ఆరు పొద్దున్న మేష్టారు దుర్భిణి పట్టుకొచ్చి, సూరీడి వెలుగు తెల్లకాయితం మీద పడేలాగ పెట్టినారు. గుండ్రంగా సూరీడు, దాని మీద ఆవగింజంత నల్లసుక్క. "అదిగో శుక్రుడు! మనం బతికుండగా మళ్లీ ఇలాగ రాడు" అన్నారు. వీధిలోవోళ్లందరూ ఎగబడి సూసినారు. నాన్న ముక్కు కాయితానికి ఆనేంత వొంగినాడు. శానాసేపు సూసి, "సుక్కేదిరా?" అన్నాడు.

మేష్టారు నాన్న వేలు పట్టుకుని ఆ సుక్క మీద పెట్టినారు.

నాన్నకి అప్పుడు భయమేసినాది. "రేపే పెళ్లి సేసేద్దాంరా" అన్నాడు. నా పేణం లేసొచ్చినాది. మద్దాన్నం అన్నం ముందు కూకుని మళ్లీ మాట మార్సేసినాడు.

"వద్దులే. రేపు దీనికేటైనా అయితే, నాకు కళ్లుండి ఏటి సూడ్డానికి?"

నాను కంచం తోసేసి లేసిపోయినాను.

ఆషాఢంలో సూపు పూర్తిగా పోయినాది. శ్రావణంలో పెళ్లయినాది. తాళి కట్టినాక నాన్న నా మొహం తడిమినాడు. బాసికం, ముక్కుపుడక, మెడలో పసుపుతాడు, అన్నీ నెమ్మదిగా తడిమినాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చినాయి.

"ఏటుంది నాన్నా అంతగా సూడ్డానికి? నువ్వు రోజూ సూసిన మొహమే కదా!"

"రోజూ సూసిన మొహం నా దగ్గరే ఉన్నాదమ్మా" అన్నాడు నాన్న. "ఈ మొహమే దొరకలేదు."