మేడం పక్క సీటు

మూడోసారి కూడా ఆర్డీవో మేడం జీపులో పక్క సీటు కృపారాణికే దక్కింది. ఆత్మకూరు ఆఫీసు వరండాలో నిలబడి చూస్తున్న పెంచలప్రసాద్ ఆత్మ కుళ్ళులో కూరుకుపోయింది.

ఇద్దరూ మేడంకి పథకాల మీద నోట్లు రాసిచ్చే సలహాదారులే. ఆయన సీనియర్, ఆమె నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్ల కోసం ఏం చేయాలో ఇద్దరూ రాశారు. ఒక్క నోటే కలెక్టరు గారికి పోతుంది.

"నోరున్నోళ్లదే నోటు, నోటున్నోళ్లదే సీటు!" అని ఆయన కనపడినవాళ్లందరితో వాపోయాడు.

నాలుగోసారి ఉదయగిరికి పోతూ మేడం ఆయన్నే పిలిచారు. కృపారాణి బస్సుకు బయల్దేరింది.

"సీటు పోయిందని బాధపడబాకమ్మా!" అన్నాడు పెంచలప్రసాద్, జీపు తలుపు అందరికీ వినబడేట్టు వేస్తూ.

ఊరు దాటగానే మేడం జీపు నిదానంగా పోనిమ్మని మొదలుపెట్టారు. "మీ నోటులో గరిటెల పనికి షెడ్డు ఆత్మకూరులో కట్టాలన్నారు. ఉదయగిరిలో ఇంటిపట్టున పనిచేసే ఆడవాళ్లు వంట వదిలేసి ఇంత దూరం ఎట్లా వస్తారు?"

"అది... చూడాల మేడం."

"కర్ర ఎవరిస్తారు? అటవీశాఖను అడిగారా?"

"అడగాల మేడం."

"ఈ షెడ్డు వద్దనేవాళ్లు ఏమంటున్నారు?"

"వద్దనేవాళ్లతో మనకెందుకని మాట్లాడలా మేడం."

జీపులో ఏసీ ఉంది. ఆయన సీటుకే హీటెక్కింది. నివేదిక నిండా ప్రారంభోత్సవ వేదికే ఉంది గానీ ఒక్క జవాబూ లేదు.

ఉదయగిరిలో కొండ కింద జీపు దిగేసరికి చొక్కా తడిసి ముద్దయింది. గరిటెలు చెక్కే ఆడవాళ్ల మధ్య కృపారాణి నవ్వుతూ నిలబడి ఉంది.

"ఏంది సార్, సీటు బాగుండాదా?"

"నీకు మూడుసార్లు దక్కిన భాగ్యం కదమ్మా!"

"భాగ్యమా? ఏడుపొక్కటే తక్కువ సార్! కర్ర డిపో ఉదయగిరిలోనే పెట్టాలన్నాను. ఫారెస్టోళ్లను అడిగినావా, వద్దనేవాళ్లను కలిసినావా అని మూడుసార్లూ ఉతికేసినారు."

మేడం అందరి ముందూ తేల్చేశారు. "నోటులో బొక్కలున్నవాళ్లనే నేను పక్కన కూర్చోబెట్టుకుంటాను. దారి పొడుగునా అడుగుతాను. కృపారాణి బొక్కలన్నీ పూడ్చింది, ఆమె నోటే పోతుంది. ప్రసాద్ గారూ, వెనక్కి కూడా మీరు నా పక్కనే."

ఉదయగిరిలో ఆయనకు జ్ఞానోదయమైంది. గరిటెలు చెక్కే చెంచమ్మ మాత్రం పకపకా నవ్వింది. "ఆ సీటు కోసమా సారూ ఇంత ఏడ్చినావు!"

తిరుగుదారిలో జీపు ముందు బస్సు పోతోంది. కిటికీ పక్కన కృపారాణి హాయిగా నిద్రపోతోంది. పెంచలప్రసాద్ ఆ కిటికీ వైపు చూసి మళ్లీ కుళ్ళుకున్నాడు.