కారని పైపు

పైపుల మేస్త్రీకి పనిలో ఒకటే నియమం. కారని లైను జోలికి పోకూడదు. బాగున్న జాయింటు మీద రెంచి వేస్తే దాని పక్కది పగులుతుంది, పక్కది బాగు చేస్తే గోడలోది పగులుతుంది. ఆ నియమంతోనే నలుగురిలో మంచి పనివాడనిపించుకున్నాడు. దాన్నే తీసుకెళ్ళి పెళ్ళాం ఒంటి మీద కూడా ప్రయోగించాడు.

ఆమె బస్టాండులో టికెట్ల కౌంటరులో పనిచేసేది. నెలసరి వచ్చిందంటే కొంగు నోట్లో కుక్కుకుని టికెట్లు చింపేది. సెలవడిగితే పై అధికారి, ఆడవాళ్ళందరికీ ఉండేదేగా అనేవాడు. మేస్త్రీ ఆ మాట కూడా అనేవాడు కాదు. టీవీ సౌండు పెంచేవాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి డాక్టరుకు చూపిస్తే, పిల్లలు పుడితే అదే సర్దుకుంటుందన్నారు. పిల్లలు పుట్టలేదు. అదీ సర్దుకోలేదు.

చివరికి ఆమె అక్క పట్టుబట్టి పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ ఆ రోగానికి పేరు చెప్పింది. ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట మొలిచి, నెలనెలా అక్కడే వాచి, నెత్తురోడి, పేగునీ గర్భసంచినీ జిగురు పెట్టినట్టు అతికించేసిందట. ఎడమ కిడ్నీ నుంచి మూత్రం దిగే సన్నటి నాళం కూడా ఆ ముద్దలో ఇరుక్కుంది. మూత్రం వెనక్కి తన్ని కిడ్నీ ఉబ్బుతోంది. ఇప్పుడు విడదీస్తే కిడ్నీ దక్కుతుంది, లేకపోతే పోతుంది అని ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆపరేషనుకు ముందు బొమ్మ గీసి చూపించింది. ముద్దను కోసేటప్పుడు నాళం ఎక్కడుందో తెలియాలి, పొరపాటున తెగకూడదు. అందుకని ముందే కింది నుంచి నాళంలోకి ఒక మెత్తటి గొట్టం ఎక్కిస్తారు. స్టెంటు అంటారు. జారిపోకుండా దాని కొసలు రెండూ చుట్ట చుట్టుకుని ఉంటాయి, ఒకటి కిడ్నీలో, ఒకటి మూత్రసంచిలో. నాళం మానేదాకా లోపలే ఉంచి, నెలన్నరకు వస్తే కోత లేకుండా లాగేస్తారు.

మేస్త్రీ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. ఆ ఆసుపత్రిలో అతనికి అర్థమైన మొట్టమొదటి సంగతి అది. పైపులో పైపు. ఇది మన పనేనే అన్నాడు పెళ్ళాంతో.

ఆపరేషను బాగా జరిగింది. ఆ తర్వాత నెలసరి వచ్చినప్పుడు ఆమె కౌంటరులో నిటారుగా కూర్చుంది. కొత్త నడుము ఎక్కడ కొన్నావే అని పక్క సీటామె ఆటపట్టించింది. ఇంటికొచ్చి నవ్వుతూ మొగుణ్ణి దెప్పింది.

"ఊరంతా మీరు వేసిన పైపులు కారుతున్నాయట. నాదొక్కటే కారట్లేదు. వేసింది మీరు కాదు కాబట్టి."

ఆమె నవ్వగా విని అతనికి ఏళ్ళయింది. ఆ నవ్వు పాడవకూడదనుకున్నాడు.

గొట్టం తీయించుకోవడానికి ఎప్పుడొస్తారని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఆమె పక్కనే నిలబడి తల అడ్డంగా ఊపింది. ఆ బల్లా, ముక్కు మీద ఆ మాస్కూ తలుచుకుంటేనే ఆమెకు వణుకు. పైగా గొట్టం తీస్తే పాత నొప్పి మళ్ళీ వస్తుందేమోనని భయం. వీటికి మేస్త్రీ నియమం తోడయింది.

"వేరే చోట తీయించేశామండీ" అన్నాడు ఫోనులో.

అవతలి అమ్మాయి మంచిదండీ అని పెట్టేసింది. మళ్ళీ ఎవరూ అడగలేదు.

"అబద్ధం ఆడేశారే" అంది పెళ్ళాం.

"పనిచేసేదాన్ని పీకడమెందుకు? కారినప్పుడు చూద్దాంలే."

అంతేలెండి అని ఆమె వంటింట్లోకి పోయింది.

కొన్నాళ్ళకు మూత్రానికి వెళ్ళినప్పుడల్లా ఎడమ పక్క పోటు మొదలైంది. ఒక్కోసారి నెత్తురు పడేది. ఆమె చెప్పలేదు. నొప్పి అన్నప్పుడల్లా మనుషులు మొహాలు తిప్పుకోవడం ఎరిగిన మనిషి. బాత్రూములో కుళాయి వదిలి, ఆ చప్పుడులో మూలిగేది. అతనికి వినపడేది. బకెట్టు నిండాక కూడా కుళాయి ఎందుకు పారుతోందో పైపుల మేస్త్రీకి తెలియకుండా పోతుందా? పాత రోగమే తిరగబెట్టిందనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడు. అడిగితే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

మరుసటి ఏడు ఆమె చలిజ్వరంతో కౌంటరులోనే పడిపోయింది.

ఎక్స్‌రేలో గొట్టం పొడవునా తెల్లగా ఉంది. కిడ్నీలోని కొస చుట్టూ నిమ్మకాయంత రాయి. మేస్త్రీకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. ఉప్పునీళ్ళు పారే పైపులు అతను ఎన్ని కోసి చూడలేదు? లోపల గార పట్టి పట్టి చివరికి పుల్ల కూడా దూరదు. పైకి మాత్రం చుక్క కారదు.

కిడ్నీ నిండా చీము పట్టిందనీ, తీసెయ్యక తప్పదనీ డాక్టరమ్మ చెప్పింది. తర్వాత, గొట్టం తీయించేశామని ఫోనులో చెప్పిందెవరని అడిగింది. అక్క మరిది వైపు చూసింది. అతను గోడ వైపు చూశాడు.

"నేనే చెప్పమన్నాను" అంది మంచం మీది మనిషి.

"అప్పుడంత కష్టపడి విడదీసింది ఈ కిడ్నీ కోసమేనమ్మా" అంది డాక్టరమ్మ.

అక్క ఏడుస్తూ చెల్లెల్ని నానా మాటలూ అంది. మొండిదానివంది, బుర్ర లేనిదానివంది, చేజేతులా చేసుకున్నావంది. మేస్త్రీ చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

కిడ్నీ తీసేశారు. కుడివైపుదీ అంత బాగా లేదన్నారు. అటు నాళం దగ్గర కూడా ఆ పొర మొలుస్తోందట. దానికీ ఆపరేషను, దానికీ ఒక గొట్టం తప్పకపోవచ్చన్నారు. అవసరమైతే నా కిడ్నీ ఇస్తానన్నాడు మేస్త్రీ. అక్కడిదాకా వస్తే చూద్దాంలెండి అన్నారు.

అక్క మందులకని కిందికి వెళ్ళేదాకా ఆమె ఆగింది.

"మిమ్మల్ని వెనకేసుకొచ్చింది మీ మీద ప్రేమతో కాదు. నా మొగుడింతేనని అక్క ముందు ఒప్పుకోలేక."

"నాది ఇస్తానన్నాను కదే."

"మీది నాకొద్దు. మీకు వినపడింది. ప్రతిసారీ వినపడింది. నేను మొహం కడుక్కుని బయటికొస్తే మీరు టీవీ చూస్తూ ఉండేవారు."

"భయమేసింది."

"నాకు వెయ్యలేదా?"

ఆమె గోడ వైపు తిరగబోయి, కుట్లు లాగితే ఆగిపోయి, పళ్ళు బిగబట్టింది. నుదుటి మీద చెమట పట్టింది. అప్పుడే నర్సు వచ్చి, నొప్పేమైనా ఉందా అమ్మా అని అడిగింది.

"లేదు" అందామె.

నర్సు మేస్త్రీ వైపు చూసింది. అతను నోరు తెరిచాడు. పెళ్ళాం అతన్నే చూస్తోంది. తెరిచిన నోరు మూసుకున్నాడు. నర్సు పక్క మంచానికి వెళ్ళిపోయింది.