కదిపిన పెట్టె

వడ్రంగి చేతి పెట్టెలు ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. వాటిలో పేరు తెచ్చింది మాత్రం బట్టల పెట్టె కాదు, గింజల పెట్టె కాదు. బడి పిల్లల కోసం చేసిన తేనెటీగల పెట్టె. లోపల పట్టు కట్టుకోవడానికి సన్నటి చట్రాలు, పైన రేకు మూత, ముందువైపు అడుగున వేలు పట్టేంత సందు. అంతే. రెండు గదులు, ఒక వరండా, ఒక చేతిపంపు తప్ప ఇంకేమీ లేని ఆ బడి పిల్లలు అందులో ఈగల్ని పెంచారు. ఏ నెలలో ఏ పూత మీద వాలుతున్నాయో చూసి, బొమ్మలు గీసి, పోటీకి పట్టుకెళ్లారు. మేడలున్న బడులన్నీ చూస్తుండగా మొదటి బహుమతి కొట్టుకొచ్చారు. ఆ కప్పు పిల్లల చేతికివ్వడానికి పెద్దాఫీసరు ఈ సాయంత్రం బడికి వస్తున్నాడు.

ఊరంతా సంబరంగా ఉంది. వడ్రంగికి పొద్దుటి నుంచి ముద్ద దిగలేదు.

పెట్టె చేసిచ్చిన కొన్నాళ్లకే, కిందటేడు ఆయన కూతుర్ని చేను గట్టు మీద ఒక తేనెటీగ కుట్టింది. ఒక్కటే. ఇల్లు చేరేసరికి పిల్ల పెదాలు ఉబ్బాయి, కళ్లు పూడుకుపోయాయి, ఊపిరి తీస్తుంటే గొంతులో పిల్లికూతలు. ఆసుపత్రిలో సూదిమందు వేసి బతికించిన డాక్టరమ్మ ఆయన్ని పక్కకు పిలిచి, "మళ్లీ కుడితే నా దాకా తెచ్చే వ్యవధి ఉండదేమో" అంది. అప్పట్నుంచి ఇంట్లో ఈగ రెక్క చప్పుడైనా ఆయన చేతిలో చిత్రిక ఆగిపోతుంది.

బడిలో ఆ పిల్లను తేనెటీగల జట్టులో చేర్చలేదు. ప్రార్థనప్పుడు కూడా పెట్టెకు దూరంగా అటు చివర నిలబెడతారు. కానీ ఏడాదిలో పిల్లలు సాధించినవన్నీ సభలో చెప్పే పని దానికే ఇచ్చారు. బడి గంట పగిలిన రోజుల్లో తరగతి మారినప్పుడల్లా అరిచి చెప్పింది అదే. అప్పట్నుంచి దాని పేరు గంట.

"ఇంకెవరూ దొరకలేదా ఆ బడికి?" అన్నాడు వడ్రంగి పొద్దున.

"గంటను ఇంట్లో దాచి గరిటెతో మోగించుకోమంటావా వాళ్లని?" అంది భార్య. "నెల్లాళ్ల నుంచి గోడకు చెప్పుకుంటోంది పిల్ల. ఇప్పుడు వద్దంటే నీ మొహం చూస్తుందా?"

ఆయన పనిసంచి భుజాన వేసుకుని బడికి వెళ్లాడు.

వరండా చివర నడుమెత్తు అరుగు ఉంది. సభకు అది చాలదు. దాన్ని చెక్కలతో ముందుకు పొడిగించే పని ఆయనదే. అరుగు పక్కనే, అరుగంత ఎత్తున్న ఇనప స్టాండు మీద తేనెటీగల పెట్టె ఉంది. చెక్కలు పరిస్తే సరిగ్గా దాని పక్కకు వస్తాయి. మైకు కూడా అక్కడే పెట్టారు.

"టీచరమ్మగారూ, మైకు అటు చివరికి మార్చలేరా?" అని అడిగాడు.

పెద్ద టీచరమ్మ ఒక చేత్తో ఎవరిదో చెప్పు, ఇంకో చేత్తో రంగు కాగితాలు పట్టుకుని పరుగులో ఉంది. "వైరు ఇంతదాకే వచ్చింది మేస్త్రీ. ఆ ఈగలు ఇంతవరకు ఎవర్నీ ఏమీ అనలేదు."

"మా పిల్ల సంగతి మీకు తెలుసు."

ఆవిడ ఆగింది. "తెలుసు. మరేం చేద్దాం?"

"పెట్టె వెనక్కి తీసేస్తాను."

"మీరు చేసిన పెట్టే. మీకు తెలియనిదేముంది. కానివ్వండి," అని లోపలికి వెళ్లిపోయింది. తేనెటీగల జట్టు పిల్లలందరూ తలుపు వేసుకుని పాట సాధన చేస్తున్నారు. వాళ్లనెవరూ అడగలేదు.

వడ్రంగి బావమరిదిని పిలిచాడు. వాడు ఆటో తోలతాడు. ఏదన్నా అయితే పిల్లను ఆసుపత్రికి చేర్చడానికి బడి గేటు దగ్గర ఆటోను రోడ్డుకేసి తిప్పి పెట్టమని బావే చెప్పాడు. పెట్టెకు చెవి ఆనించి విన్నాడు వాడు.

"బావా, ఇంట్లో ముసలీ ముతకా తప్ప ఎవరూ లేనట్టున్నారు."

"మేతకు పోయాయి. ఇదే అదను. పట్టు."

"తిరిగొచ్చి చూసుకుంటే ఇల్లు ఉండదు. మా ఇంటి ఓనరు కూడా ఇంత మోసం చెయ్యలేదు."

"బడి వెనకేగా పెడుతున్నాం. వెతుక్కుంటాయి. నోరు మూసి నడువు."

చెక్కపని చేసేవాడికి పెట్టె ఎక్కడుంటే సామాను అక్కడే. వడ్రంగి అదే లెక్కన ఉన్నాడు. ఇద్దరూ కలిసి పెట్టెను మోసుకెళ్లి వంటపాక గోడ పక్కన నీడలో దించారు. స్టాండు తీసేసిన చోట ఆయన చెక్కలు పరిచి మేకులు కొట్టాడు. కొడుతుంటే రెండు మూడు ఈగలు చెక్కల మీద తచ్చాడాయి. తువ్వాలుతో విదిలించాడు. కాసేపటికి మళ్లీ వచ్చాయి. మళ్లీ విదిలించాడు. ఈలోగా గేటు దగ్గర కారు ఆగింది. ఆఫీసరు వచ్చేశాడని పిల్లలు అరిచారు.

సభ మొదలైంది. పాట అయింది. ఆఫీసరు మెడలో దండ పడింది. గంటను పిలిచారు.

తెల్ల చొక్కా, నీలం గౌను, తెల్ల మేజోళ్లు. చేతిలో కాగితం లేదు. అన్నీ నోటికి వచ్చు. మైకు ముందు నిలబడి ఊపిరి పీల్చుకుంది. వడ్రంగి పక్కనున్న గుంజకు ఆనుకుని చూస్తున్నాడు. పెట్టె వెనక్కి పోయింది కదా అని గుండె కాస్త కుదుటపడింది.

"ఈ ఏడాది మా బడి నుంచి పరుగు పందెంలో ఇద్దరు మండల స్థాయికి వెళ్లారు," అంది గంట. గొంతు ఖంగుమంది. జనం చప్పట్లు కొట్టారు. "మా గోడపత్రికను నాలుగో తరగతి వాళ్లు నెలనెలా నడిపారు..."

అప్పుడు చూశాడాయన. ఆ పిల్ల బూట్ల చుట్టూ ఈగలు తిరుగుతున్నాయి. చెదిరి తిరగడం లేదు. ఒకే ఎత్తులో, ఒకే చోట, తలుపు తట్టేవాళ్లలా ముందుకు వెళ్లి వెనక్కి వస్తున్నాయి. ఆ ఎత్తు ఆయనకు తెలుసు. పెట్టె సందు ఉండే ఎత్తు అది.

చేల మీది నుంచి ఇంకొన్ని వచ్చాయి. ఇంకొన్ని. ఈగలు పెట్టెను గుర్తుపెట్టుకోవు, చోటును గుర్తుపెట్టుకుంటాయని ఆయనకు అప్పుడు తెలిసింది. పొద్దు వాలుతోంది. మేతకు పోయినవన్నీ ఇంటికి వస్తున్నాయి. ఇల్లుండాల్సిన చోట తన కూతురు నిలబడి ఉంది.

గంట కిందికి చూసింది. ఒక మేజోడు మీద ఈగలు వాలి ఉన్నాయి. చూస్తుండగానే రెండోదాని మీదా వాలాయి. తెలుపు కనబడకుండా పోయింది. మాట ఆగింది. పెదాలు బిగించి తండ్రి కోసం చూసింది.

వడ్రంగి ముందుకు ఉరకబోయాడు. వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగారు. తేనెటీగల జట్టు పెద్ద. ఆరో తరగతి పిల్ల. చిన్నగా ఉంటుందని అందరూ చీమ అంటారు.

"వెళ్లకు మామా."

"వదులు."

"నువ్వు చెక్క మీద అడుగేస్తే అదురుతుంది. అదిరితే కుడతాయి." ఆ పిల్ల మొహం కూడా పాలిపోయి ఉంది. "పెట్టె ఏది మామా? ఎవరు తీశారు?"

"నేనే."

చీమ ఒక్క క్షణం ఆయన్ని చూసింది. "ఎక్కడ పెట్టావు?"

"వంటపాక దగ్గర."

"తేవాలి. అది వస్తే లోపలికి పోతాయి. పద."

కూతురికి వీపు తిప్పి వెళ్లాలి.  చీమ చొక్కా వదలకుండా లాగింది. పోతూ పోతూ అరుగు కింద నిలబడి గంటకు చేత్తో సైగ చేసింది. నోరు మూసుకో, ముక్కుతో మెల్లగా. గంట రెప్ప వేసి తీసింది.

పెద్ద టీచరమ్మ లేచి చూపుడువేలు ఎత్తింది. రోజూ పిల్లల్ని నిశ్శబ్దం చేసే వేలు. పిల్లలతో పాటు పెద్దవాళ్లూ బిగుసుకుపోయారు. ఆఫీసరు జేబురుమాలు తీసి మొహం ముందు ఆడించబోతుంటే ముందు వరసలోని బుడ్డోడు ఒకడు మెల్లగా అన్నాడు: "విసరొద్దు సార్. మీకేం కాదు. మా గంటను కుడతాయి." ఆయన రుమాలు పిడికిట్లో నొక్కేసుకున్నాడు.

గేటు దగ్గర ఆటో గుర్రుమంది. బావమరిది సంగతి చూసి బండి స్టార్ట్ చేశాడు.

"ఆపమను," అంది చీమ. "చప్పుడు వద్దు. వచ్చి పెట్టె పట్టమను." వడ్రంగి చేత్తో వాడికి సైగ చేశాడు.

వంటపాక పక్కన పెట్టె రొదపెడుతోంది. తెలియని చోట మేలుకున్న ఇల్లు అది. వడ్రంగి వంగి అడుగున చేతులు పెట్టాడు. తొందరలో వేళ్లు సందుకు అడ్డం పడ్డాయి. మణికట్టు మీద మంట. వెంటనే బొటనవేలి మొదట్లో ఇంకొకటి. ఆయన వదల్లేదు. లేపాడు.

"కుట్టాయా?" అంది చీమ.

"కుట్టనీ. నడువు."

"కింద పెట్టు మామా."

"ఏం మాట్లాడుతున్నావే?"

"ముల్లు దిగినచోట వాసన ఉంటుంది. ఆ వాసన తగిలితే మిగతావాటికి కోపం వస్తుంది. నువ్వు దాని దగ్గరికి వెళ్తే అన్నీ కుడతాయి." ఆ పిల్ల అరచెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు ఇక్కడే ఉండు. రావద్దు."

అప్పుడే వచ్చిన బావమరిది బావ మొహం చూసి ఏ జోకూ వెయ్యలేదు. పెట్టె అందుకున్నాడు. చీమ ఇంకో పక్క పట్టుకుంది. నిండు నీళ్లకుండ మోసినట్టు ఇద్దరూ మెల్లగా కదిలారు. వడ్రంగి గోడ మూలదాకా వెంట నడిచి అక్కడ ఆగిపోయాడు.

మూల నుంచి కనిపిస్తోంది. మేజోళ్లు దాటి గౌను అంచు మీదికి ఎక్కాయి. వేలాడుతున్న చేతి మీద కొన్ని. పిల్ల వేళ్లు విచ్చుకుని ఉన్నాయి, ఒకదానికొకటి తగలకుండా. ఆ వేళ్లు వణుకుతున్నాయా లేదా అని ఆయన కళ్లు చిట్లించి చూశాడు. తెలియలేదు. అంత దూరం.

బావమరిది చెక్కలకు తగలకుండా పెట్టెను పైకెత్తాడు. చీమ వేళ్లతో సర్దింది. గంట బూట్లకు జానెడు దూరంలో, సందు పాత దిక్కుకే ఉండేలా. ఇద్దరూ వెనక్కి జరిగారు.

ఏమీ జరగలేదు.

తల్లి రెండో వరసలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఎవరి దగ్గో గొంతులోనే చచ్చిపోయింది. వడ్రంగి గోడకు గోళ్లు దించాడు. కుట్టిన చెయ్యి బరువెక్కుతోంది. అది తన చెయ్యి అనిపించడం లేదు. ఆ వాపు అంతా పిల్ల గొంతులో ఉన్నట్టే ఉంది. లోపల లెక్కలు పరిగెడుతున్నాయి. ఇప్పుడు కుడితే ఆటో దాకా మోసుకెళ్లాలి. ఎవరు మోస్తారు? తాను దగ్గరికి పోకూడదు. తండ్రి అయ్యుండి పోకూడదు.

సందు దగ్గర ఒక ఈగ తోక ఎత్తి, మిగతావాటిని పిలుస్తున్నట్టు రెక్కలాడించింది. పక్కన ఇంకొకటి. చీమ మొహంలో మార్పు ఆయనకు దూరం నుంచే తెలిసింది. మేజోడు మీది గుంపులో ఒక అంచు కదిలింది. చెక్క మీదికి దిగింది. వరసగా నడుచుకుంటూ లోపలికి పోవడం మొదలుపెట్టాయి. ఒక కాలి మీద తెలుపు కనబడింది. చేతి మీదివి లేచాయి. గౌను అంచు ఖాళీ అయింది.

ఒకటి మిగిలింది. అది నడుం మీదుగా చొక్కా గుండీల వెంట పైకి పాకింది. కాలరు దాటి మెడ మీదికి వచ్చింది. గంట కళ్లు మూసుకుంది. వడ్రంగి కూడా మూసుకున్నాడు.

తెరిచేసరికి ఆ ఈగ ఎగిరిపోయింది. చీమ గంట చెయ్యి పట్టుకుని అరుగు అటువైపు మెట్లు దింపుతోంది. జనం ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు వచ్చింది. తల్లి పిల్లను గౌను, జుట్టు, చెవుల వెనక తడిమి తడిమి చూసింది. పిల్ల తల్లి చేతుల్లోంచి జారి గోడ మూలకేసి పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా."

"అక్కడే ఆగు." ఆయన వెనక్కి ఒక అడుగు వేశాడు.

"నన్ను కుట్టలేదు నాన్నా."

"నన్ను కుట్టాయి. రావద్దమ్మా. దగ్గరికి రావద్దు."

పిల్ల ఆగింది. తండ్రీకూతుళ్ల మధ్య ఎండు మట్టి, ఎవరో పారేసిన రంగు కాగితం ఉన్నాయి. పిల్ల వెనకే భార్య వచ్చి నిలబడింది.

"ఇంటికి పోదాం," అన్నాడు వడ్రంగి.

"ఇంకా సగం ఉంది నాన్నా చెప్పాల్సింది."  పిల్ల ఉన్నచోటి నుంచి కదల్లేదు. "చీమా వాళ్ల సంగతి అసలు చెప్పనేలేదు."

ఆయన పెళ్లాం వంక చూశాడు. ఆవిడ నేల వంక చూసింది. వద్దనడానికి నోరు తెరిచాడు. పెట్టె కదిపినంత తేలిగ్గా దీన్ని కదపలేనని తెలిసింది.

"అటు చివర అయితేనే," అన్నాడు.

వైరు రాదు కాబట్టి మైకు లేకుండానే చెబుతానంది గంట. పెద్ద టీచరమ్మ జనాన్ని లేపి కుర్చీలు ఆవరణ అటు చివరికేసి వెనక్కి తిప్పించింది. ఆఖరి వరసలో కూర్చున్నవాళ్లు ముందైపోయారు, ఆఫీసరు అందరి వెనక పడ్డాడు. "పొద్దున్నే వచ్చి ముందు కుర్చీ పట్టానమ్మా," అని ఒక ముసలాయన గొణిగితే జనం కొంచెం నవ్వారు. నవ్వులో ఇంకా వణుకు ఉంది.

వడ్రంగి సభకు వెళ్లలేదు. చేతిపంపు దగ్గరికి పోయి మట్టితో చెయ్యి రుద్దుకున్నాడు. కడిగి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఆయన ముక్కుకు ఏమీ తెలియలేదు. మళ్లీ మట్టి తీసుకున్నాడు.

గోడ అవతల నుంచి కూతురి గొంతు వస్తోంది. ఏం చెబుతోందో ఆయనకు అందడం లేదు, గొంతు మాత్రమే అందుతోంది. ఒకచోట అది ఆగింది. పంపు కొడుతున్న చెయ్యి పైనే నిలిచిపోయింది. నీళ్లు సన్నబడి, చుక్కలై, ఆగిపోయాయి.

గొంతు మళ్లీ మొదలైంది. ఆయన పంపు కిందికి నొక్కాడు.