ఐదో పేరు

పిస్టల్ అంటే నాకు గిట్టదు. ముప్ఫై ఏళ్ళు పోలీసు తుపాకులు బాగుచేసి, రిటైరయ్యాక చౌటుప్పల్ దాటి హైవే పక్కనున్న షూటింగ్ క్లబ్బులో అదే పని చేస్తున్న మనిషి ఈ మాట అనకూడదు. అయినా అంటాను. పిస్టల్ పేలిన ప్రతిసారీ ఖాళీ తూటాను పక్కకు ఉమ్మేస్తుంది. కాల్చినవాడు దాని వంక చూడను కూడా చూడడు. సాయంత్రం చీపురు పట్టుకుని ఊడ్చుకునేది నేను.

రివాల్వర్ అలా కాదు. ఆరు తూటాలూ చక్రంలో కూర్చుంటాయి, కాల్చాక కూడా అక్కడే ఉంటాయి. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆరూ కాల్చినవాళ్ళు చక్రం తెరిచి, ఖాళీ తూటాలను నా అరచేతిలో పోసి "చూడు ఇద్రీస్ భాయ్" అనేవాళ్ళు. తూటా అడుగున తుపాకీ సుత్తి పడ్డ గుర్తు నడిమధ్య ఉందా, పక్కకు జరిగిందా చూసి, తుపాకీ ఎలా ఉందో చెప్పేవాణ్ణి. హకీమ్ నాడి చూసినట్టే అనుకోండి. ఆ వెచ్చటి ఇత్తడి చేతిలో పడుతుంటే నేను ఇంకా పనికొచ్చే మనిషినే అనిపించేది.

కొత్తొక వింత, పాతొక రోత. తెలంగాణ వచ్చిన ఏడు మా రివాల్వర్ పోటీకి ఇరవై ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత ఏటేటా తగ్గుతూ పోయారు. రివాల్వర్ ట్రిగ్గర్ బరువంటారు. ఆరు కాగానే మళ్ళీ ఒక్కొక్కటీ నింపుకోవాలంటారు. ఆదివారం హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చే పిల్లలైతే, పిస్టల్‌తోనే రీల్ బాగా వస్తుందని మొహం మీదే చెప్పారు. నేను స్వయంగా సానబట్టి, స్ప్రింగులు మార్చి, వెన్నలా తిరిగేట్టు చేసిన ఆరు రివాల్వర్లు బీరువాలో నూనె రాసుకుని పడుకున్నాయి.

క్లబ్బు సెక్రటరీ వీరేశం ప్లాట్ల వ్యాపారి. రివాల్వర్లు కాల్చే వరుసను పడగొట్టి అక్కడ ఫోటోలు దిగే చోటు కట్టాలని రెండేళ్ళుగా ఆయన ఆశ. పోయిన ఏడు పోటీకి ఐదుగురే వచ్చారు. ఈ ఏడు కమిటీ ఒక నిబంధన పెట్టింది. కనీసం ఐదుగురు పేరిచ్చి, ఐదుగురూ ఆరేసి తూటాలు పూర్తిగా కాల్చాలి. లేదంటే పోటీ శాశ్వతంగా రద్దు, రివాల్వర్లు ప్రభుత్వానికి అప్పగింత.

నేను పాతవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. కోస్గి నుంచి రైతు బీరన్న వస్తానన్నాడు. ఆత్మకూర్ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు, ఇద్దరు పోలీసు పెన్షనర్లు ఒప్పుకున్నారు. నలుగురయ్యారు. మిగతావాళ్ళలో ఒకరికి కళ్ళు పోయాయి, ఒకరికి చెయ్యి వణుకుతుంది, ఇద్దరు ఫోనే ఎత్తలేదు. ఐదో పేరు కోసం అక్షితను అడిగాను.

అక్షిత మా క్లబ్బులోనే శని, ఆదివారాలు కొత్తవాళ్ళకు పిస్టల్ నేర్పుతుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న కురుమయ్య మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. నా దగ్గర టీ తాగుతూ తుపాకీ విప్పడం, బిగించడం నేర్చుకుంది. నన్ను చాచా అంటుంది. రివాల్వర్ ఎప్పుడూ కాల్చలేదు. అయినా అడగ్గానే సరేనంది. తూటాల కొరత వల్ల పోటీకి రెండు రోజుల ముందు ఖాళీ రివాల్వర్‌తోనే సాధన చేయించాను.

రెండు చేతులతో పట్టుకుంది. ఎడమ బొటనవేలు ముందుకు చాచి తుపాకీ పక్కన ఆనించింది. పిస్టల్‌కు అదే సరైన పట్టు. ఆమె రోజుకు యాభైసార్లు కొత్తవాళ్ళకు చెప్పే మాట కూడా అదే, రెండు బొటనవేళ్ళూ ముందుకు అని. కానీ రివాల్వర్‌లో చక్రానికీ గొట్టానికీ మధ్య కాగితమంత సందు ఉంటుంది. పేలినప్పుడు ఆ సందులోంచి నిప్పు, తుపాకీ మందు పక్కకు చిమ్ముతాయి. వేలు అక్కడ ఉంటే కాలుతుంది, చర్మం చీలుతుంది. రివాల్వర్‌తో మొదలుపెట్టినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, మొదటిరోజే వేలు కిందికి అలవాటైపోతుంది. పిస్టల్‌తో పెరిగినవాళ్ళే ఈ తప్పు చేస్తారు.

చెప్పడానికి నోరు తెరిచాను. ఆ లోపలే అక్షిత అడిగింది.

"చాచా, పిస్టల్ లెక్కనే కద? ఏమన్న వేరే ఉంటే ముందే చెప్పు. పదకొండు రోజులల్ల నాకు ట్రయల్ ఉంది. చెయ్యికి ఏమన్న అయితే బాపు సంపుతడు."

హైదరాబాద్‌లో కొత్తగా పెడుతున్న ఒక షూటింగ్ అకాడమీలో పిస్టల్ కోచ్ ఉద్యోగానికి ఆ ట్రయల్. నెల జీతం వచ్చే పని. వేలు కాలే సంగతి చెబితే ఈ పిల్ల భయపడి తప్పుకుంటుందేమోనని నాకు అనిపించింది. అప్పుడు నలుగురే మిగులుతారు.

"ఏం గాదు బిడ్డా. గట్లనే పట్టు," అన్నాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని నా భార్య షంషున్నీసా దెప్పుతూ ఉంటుంది. ఆ రెండు రోజులూ నానింది. పోటీ రోజు కాల్చేవాళ్ళు నిలబడే లైను మీద, కాల్చబోయే ముందు మెల్లగా చెబుదామని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఆదివారం పొద్దున ఆమె లైను మీదికి వచ్చేసరికి వీరేశం నా పక్కనే నిలబడి ఉన్నాడు. వేలు జాగ్రత్త అని నేనంటే ఆయన చెవిలో పడుతుంది. ప్రమాదమని చెప్పి పోటీ అక్కడికక్కడే ఆపేస్తాడు. ఆయన జరుగుతాడేమోనని చూశాను. జరగలేదు. నలుగురు ముసలివాళ్ళూ అప్పటికే కాల్చేసి కుర్చీల్లో కూర్చున్నారు. అక్షిత రివాల్వర్ ఎత్తింది. బొటనవేలు ముందుకే ఉంది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను.

మొదటి తూటాకే ఆమె భుజం అదిరింది. బల్ల మీద రక్తం పడింది. లైను మీద ప్రమాదం జరిగితే ఆపు అని కేక వేయాల్సిన మనిషిని నేనే. ఆపితే ఐదో పేరు పోతుంది. నేను వెయ్యలేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. అక్షిత తనంతట తానే వేలు కిందికి లాక్కుని, పళ్ళు బిగించి మిగతా ఐదూ కాల్చింది. తర్వాత చక్రం తెరిచి, పద్ధతి ప్రకారం ఖాళీ తూటాలు నా చేతిలో పోసింది. అవి తడిగా ఉన్నాయి.

"చూడు చాచా," అంది.

గుర్తులన్నీ నడిమధ్యే ఉన్నాయి. తుపాకీలో ఏ తప్పూ లేదు.

వీరేశం రుమాలు తెచ్చి ఆమె వేలికి చుట్టి, నా వైపు తిరిగాడు. "ఈ వేలు ముచ్చట పిల్లకు ముందే చెప్పినవా ఇద్రీస్ భాయ్?" అని అడిగాడు. జవాబు మీద నా ఉద్యోగం ఆధారపడి ఉందని అందరికీ తెలుసు. నేను చేతిలోని తూటాల వంక చూశాను.

"చెప్పిండు. నేనే మర్చిపోయిన," అంది అక్షిత.

నేను కాదనలేదు.

దవాఖానాలో నాలుగు కుట్లు పడ్డాయి. నెల దాకా ఆ వేలితో ఏదీ గట్టిగా పట్టుకోకూడదన్నారు. అక్షిత ట్రయల్‌కు పోయి, కట్టుతోనే పిస్టల్ పట్టుకోబోయి, అది జారడంతో వెనక్కి వచ్చేసింది. ఆ ఉద్యోగం వేరేవాళ్ళకు పోయింది. పోటీ మాత్రం లెక్క ప్రకారం పూర్తయింది. కప్పు బీరన్నకు వచ్చింది. ఆయన దాన్ని సంచిలో వేసుకుని కోస్గి బస్సెక్కాడు. మరుసటి వారం కమిటీ కూర్చుని, రివాల్వర్ అనుభవం లేనివారికి ప్రమాదకరమని రాసి పోటీని రద్దు చేసింది. అనుభవం ఎవరికీ ఇవ్వకుండా చేసిందీ వాళ్ళే. కానీ ఈసారి వాళ్ళను తిట్టే హక్కు నాకు లేకుండా పోయింది. ఆరు రివాల్వర్లనూ నేనే తుడిచి, పెట్టెలో సర్ది అప్పగించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమంటారు. ఇక్కడ కాలింది నా చెయ్యి కూడా కాదు.

నెల తర్వాత అక్షిత మళ్ళీ క్లబ్బు పనికి వచ్చింది. ఎడమ బొటనవేలి పక్కన తుపాకీ మందు చర్మంలోకి దిగి నల్లటి మచ్చ మిగిలింది. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ఆ రోజు నాకు తెలుసని చెప్పాను. వేలు చూశాననీ, ఐదో పేరు పోతుందనే భయంతో నోరు మూసుకున్నాననీ చెప్పాను. ఆమె తిడితే బాగుండుననుకున్నాను.

"నాకు ఎరికే," అంది. "సాధన రోజే నువ్వు నోరు తెరిచి మల్ల మూసుకున్నవ్. అప్పుడు తెల్వలే. వేలు కాలినంక తెలిసింది."

"మరి నేను చెప్పిన్నని ఎందుకన్నవ్ బిడ్డా?"

"ఇంట్ల కూసుంటే నువ్వు బతుకుతవా?" అని టీ తాగింది. గ్లాసు కింద పెట్టింది. "నువ్వు చెప్పినా నేను వస్తుంటి చాచా. వేలు కిందికి వెట్టుకొని కాలుస్తుంటి. అంతే కద."

బయట కొత్తవాళ్ళు పిలిస్తే ఆమె లేచి వెళ్ళింది. రెండు బొటనవేళ్ళూ ముందుకు అని వాళ్ళకు చెప్పడం లోపలికి వినిపించింది. నేను చీపురు తీసుకుని లైను వెనకాలకు పోయి, కింద పడుతున్న ఖాళీ తూటాలు ఊడ్చాను.